రాగి గదిలోని మనిషి

మా మేనమామగారు నిరుడు ఇంట నడకయంత్రమొకటి పెట్టించిరి. ప్రతి ఉదయము ముప్పావుగంట దానిపై నడచి, దిగునప్పుడు అద్దముపై వెలుగు అంకెను చదివి, "ఈ దినము 320 కేలరీలు కరిగినవి" అని ఇంటిల్లిపాదికిని వినిపించి, ఆ లెక్క చొప్పున రెండు పెసరట్లు అదనముగా వేయించుకొనెడివారు. మూడు నెలలకు వారి బరువు తగ్గలేదు సరికదా, కిలోన్నర పెరిగినది. వారు మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు గనుక మాకు దిగులు కలిగినది. తప్పు నడకదా, పెసరట్లదా, అంకెదా యని మేము తరచి చూడబోగా, ఆ అంకె వెనుక రెండు వందల యేండ్లకు పైబడిన కథ కానవచ్చినది.

1782-83 చలికాలమున పారిసు నగరములో లెవోయిజర్, లాప్లాస్ అను పండితులు ఒక గినీపందిని మంచుగడ్డలు కూర్చిన పాత్ర నడుమ నుంచి, దాని ఒంటివేడికి ఎంత మంచు కరగి నీరైనదో తూచిరి. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును వేరుగా కొలిచిరి. అంతే వాయువు వచ్చునట్లు బొగ్గును మండించినపుడు పుట్టు వేడియు, ఆ జంతువు ఇచ్చిన వేడియు ఇంచుమించు సరిపోయినవి. ఊపిరి తీయుటయు నిదానముగా మండుటయే యని వారు తేల్చిరి. కొన్నేండ్లకు లెవోయిజర్ తన సహాయకుడు సెగాన్ ముఖమునకు తొడుగు బిగించి, కాలితో పని చేయించి, అపుడు ప్రాణవాయువు ఎంత అధికముగా ఖర్చగునో చూచెను. ఆ దృశ్యమును ఆయన భార్య చిత్రించినది. అందులో ఆమెయు ఒక ప్రక్క బల్లకడ కూర్చుండి లెక్కలు వ్రాసికొనుచుండును. 1794లో విప్లవకారులు లెవోయిజర్ తల తీయించిరి.

మనిషిని నిండుగా కొలుచుటకు మరి నూరేండ్లు పట్టినది. అమెరికాలోని మిడిల్‌టౌన్ పట్టణమున, వెస్లియన్ విశ్వవిద్యాలయములో, అట్వాటర్ అను రసాయన శాస్త్రజ్ఞుడును రోసా అను భౌతిక శాస్త్రజ్ఞుడును 1890 దశకమున ఒక గది కట్టిరి. లోపల రాగిరేకు, దానిపై జింకురేకు, వెలుపల కొయ్యగోడలు. పొడవు సుమారు 7 అడుగులు, వెడల్పు 4 అడుగులు, ఎత్తు ఆరున్నర. అందులో మడతమంచము, కుర్చీ, బల్ల, పనిదినములలో కదలని సైకిలు. మనిషి దినముల తరబడి అందే కాపురముండవలెను. అన్నము చిన్న కంతగుండ వచ్చును. మలమూత్రములు సయితము తూకమునకు పోవును. గొట్టములలో పారు చన్నీరు అతని ఒంటివేడిని మోసికొని పోవును; ఆ నీరు ఎంత వేడెక్కినదో అదియే లెక్క. తిన్నదానికిని ఖర్చయినదానికిని వచ్చిన తేడా నూటికి ఒకటి కంటెను తక్కువ. ఇంత నిక్కమైన అంకె కొరకు ఒక మనిషి అంత చిన్న గదిలో అన్ని రాత్రులు గడపవలసి వచ్చినదని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక!

ఊరివారినందరిని గదిలో పెట్టి తాళము వేయలేము గదా. 1911లో ఆక్సుఫర్డు వైద్యుడు డగ్లస్, విడిచిన ఊపిరిని పట్టు సంచినొకదానిని మనిషి వీపునకు తగిలించెను. 1919లో హారిస్, బెనెడిక్టు అనువారు 136 మంది పురుషులను, 103 మంది స్త్రీలను కొలిచి, ఎత్తు, బరువు, వయస్సులను బట్టి ఎవరికైనను విశ్రాంతి ఖర్చు చెప్పగల సూత్రము నిర్మించిరి. మా తలంపున కథ మలుపు తిరిగినదిక్కడ. కొలత పోయి అంచనా వచ్చినది. పిమ్మట విశ్రాంతిలో ప్రతి కిలో బరువునకు నిమిషమునకు 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువు అని ఒక్క అంకెను అందరికిని అంటగట్టిరి. 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు 700 మందికి పైగా స్త్రీపురుషులను కొలువగా సగటు సుమారు 2.6 మాత్రమే వచ్చినది.

నడకయంత్రమునకు తెలిసినది పట్టీ వేగము, వాలు మాత్రమే. బరువు చెప్పినచో అదియు తెలియును. చెప్పకున్నచో ఏదో ఒక బరువును ఊహించుకొనును. చేతికమ్మి పట్టుకొన్నచో శ్రమ తగ్గును. ఆ సంగతి యంత్రమెరుగదు. పైగా 60 కిలోల మనిషి ఊరక కూర్చున్నను పై సూత్రము ప్రకారమే గంటకు సుమారు 60 కేలరీలు ఖర్చగును. అద్దముపై అంకెలో అదియు కలిసియుండుట కద్దు. మణికట్టు గడియారముల సంగతి ఇంతకన్న మెరుగు కాదు. 2017లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారు 60 మందికి ఏడు రకముల పరికరములు తొడిగి చూడగా, ఆరు నాడిని బాగుగనే పట్టినవి. కేలరీలలో మాత్రము అన్నిటికన్న మంచిది సగటున నూటికి 27 వంతులు తప్పినది. అధమమైనది 93 వంతులు. నాడి ఎండకును కొట్టుకొనును, భయమునకును కొట్టుకొనును; కేలరీ అట్లు కాదు.

నిన్నటి నడకతో నేటి నడకను పోల్చుకొనుటకు ఆ అంకె పనికివచ్చును గాని, వడ్డన కొలతకు కాదని మామగారికి విన్నవించితిమి. వారి యంత్రము బరువే అడుగదని, వారు మొదటినుండియు కమ్మి పట్టుకొనియే నడచుచున్నారని అప్పుడే బయటపడినది. ఇప్పుడు కమ్మి విడచి నడచుచున్నారు. చెమట మునుపటికన్న ఎక్కువ పట్టుచున్నదట. పెసరట్లు మానినారు. అద్దముపై అంకె మాత్రము 320 గానే యున్నది.