బీటామాక్స్ టేపు – ఒక జ్ఞాపకం కథ

సెలవులకు వచ్చిన మా మనుమడు 'కౌబాయ్ బీబాప్' అనే జపాను బొమ్మల ధారావాహిక చూస్తూంటే, కాలక్షేపానికని నేనూ పక్కన కూర్చున్నాను. 1998లో షినిచిరో వతనబే దర్శకత్వంలో వచ్చినది. కథాకాలం 2071. గ్రహాల నడుమ తిరుగుతూ నేరస్థులను పట్టి పొట్టపోసుకునే వారి కథ. అందులో 18వ భాగం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

ఫే అనే యువతి పేర ఒక పొట్లం వస్తుంది. అందులో ఉన్నది బీటామాక్స్ టేపు. దానిని చూపగల యంత్రం ఎక్కడా లేదు. పాత సామానులు సేకరించే ఒకాయన వద్ద ఒకటి దొరికితే, స్పైక్ దానిని తన్ని పాడుచేస్తాడు. స్పైక్, జెట్ భూమికి వచ్చి, శిథిలాల అడుగుకు దిగి, ఎంతో శ్రమపడి మరొక యంత్రం మోసుకొస్తారు. తీరా చూస్తే అది వీహెచ్ఎస్!

ఈ హాస్యం వెనుక నిజమైన చరిత్ర ఉన్నది. సోనీ 1975లో బీటామాక్స్‌ను, జేవీసీ 1976లో వీహెచ్ఎస్‌ను విడుదల చేశాయి. రెండింటిలోనూ టేపు వెడల్పు అర అంగుళమే. కాని పెట్టెల కొలతలు వేరు, టేపు చుట్టుకునే దారి వేరు; కనుక ఒకదానిది మరొకదానిలో పనికిరాదు. తొలి బీటా టేపులో ఒక గంట మాత్రమే పట్టేది, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు. సినిమా మొత్తం ఒకే టేపులో పట్టడం వీహెచ్ఎస్ గెలుపునకు ఒక ముఖ్యకారణం. 1988లో సోనీయే వీహెచ్ఎస్ యంత్రాల తయారీకి దిగింది. బీటా యంత్రాల తయారీని 2002లోను, టేపుల అమ్మకాన్ని 2016 మార్చిలోను ఆపింది. అదే ఏడు జూలైలో ఫునాయ్ సంస్థ వీహెచ్ఎస్ యంత్రాల తయారీకి స్వస్తి చెప్పింది. ఓడినదీ గెలిచినదీ ఒకే ఏడాది కాటికి చేరాయన్నమాట.

మన తాళపత్రాన్ని చదవడానికి కన్ను, దీపం, లిపిజ్ఞానం చాలు. అయినా ఆకు శిథిలమవుతుంది గనుక లేఖకులు తరతరానికీ తిరిగి వ్రాశారు. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి కాగితం మీద ప్రతులు వ్రాయించినదీ అందుకే. గ్రంథాన్ని బ్రతికించినది ఆకు కాదు, తిరిగి వ్రాసిన చేయి. టేపుకైనా ఇదే ధర్మం వర్తిస్తుంది: చదివే యంత్రం ఉండగానే మరొకదానిలోకి ఎక్కించుకోవాలి.

కథలో చివరకు సరైన యంత్రం మరో పొట్లంలో వస్తుంది. తెరమీద బడి వయసు ఫే, పదేళ్ళ తరువాతి తనకు తానే ఉత్సాహంగా ధైర్యం చెబుతూంటుంది. ప్రమాదం తరువాత యాభయ్యేళ్ళకు పైగా అతిశీతల నిద్రలో ఉండి, గతమంతా మరచి లేచిన ఫే ఆ పిల్లను చూస్తూ, తనకేమీ గుర్తులేదంటుంది.

యంత్రం చదివింది, మనసు చదవలేకపోయింది. మీ ఇంట అటక మీద పెళ్ళి టేపులేవైనా ఉంటే, అందులోనివారిని పేరుపెట్టి గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే దింపి, వారి పక్కన కూర్చుని చూడండి.