హీటర్ ముందు, సెల్ఫ్ తర్వాత

డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వతో పని లేదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ తిరిగిననాటి నుంచి ఈ సూత్రం మారలేదు. మారిందల్లా చల్లారిన ఇంజన్‌ను లేపే తీరు. ఆ మార్పులన్నీ హైదరాబాద్ పాతబస్తీ చూసింది.

1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. మూసీ అవతల గౌలిగూడలోని విమానాల హ్యాంగరే బస్టాండు అయింది. ఆ తరం మోటారు బండ్లకు ముందు భాగంలో హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు ఉండేది. పల్లెల్లో బావుల మీది ఆయిల్ ఇంజన్లదీ అదే దారి. లివర్ ఎత్తి వాల్వు తెరిచి, చక్రం వేగం అందుకున్నాక లివర్ వదిలితే ఇంజన్ అందుకునేది. ఆ పద్ధతిలో వేగాన్నిచ్చింది మనిషి రెక్కలే.

క్రమంగా ఆ పని బ్యాటరీకి, సెల్ఫ్ మోటారుకు దక్కింది. 1951లో రవాణా విభాగం రైల్వే నుంచి విడిపోయింది, 1958లో ఆర్టీసీ ఏర్పడింది. అప్పటి భారీ డీజిల్ బండ్లలో రెండు జాతులుండేవి. లేలాండ్ ఇంజన్ ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేది కనుక మన వాతావరణంలో హీటర్ లేకుండానే లేచేది. 1954లో వచ్చిన టాటా మెర్సిడెస్ లారీలో మంట ముందు ఒక చిన్న గదిలో పుట్టేది. ఆ గది గోడలు వేడిని పీల్చేసేవి. అందుకే అందులోకి హీటర్ ప్లగ్గు దూర్చి, అది ఎర్రబడ్డాకే సెల్ఫ్ కొట్టాల్సివచ్చేది. తర్వాత టాటా పెద్ద ఇంజన్లూ నేరుగా చిమ్మే పద్ధతికి మారాయి. బస్సులు, లారీల డ్రైవర్లకు హీటర్‌తో పని తప్పింది.

ఆ హీటర్ చిన్న బండ్లతో మళ్లీ వచ్చింది. డీజిల్ అంబాసిడర్, 1994లో సుమో, 1998లో ఇండికా, 2005లో టాటా ఏస్. ఛోటా హాథీ అని పిలిచే, బేగంబజార్ సరుకు మోసే ఈ ఏస్‌ది రెండు సిలిండర్ల, మంటగది ఉన్న ఇంజనే. చిక్కు ఇక్కడే మొదలైంది. హైదరాబాద్ ఎండల్లో హీటర్ మాడిపోయినా బండి లేస్తుంది. కాబట్టి తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టడం అలవాటైపోతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆ లోటు బయటపడుతుంది. తెల్లపొగ వస్తుంది, సెల్ఫ్ మూలుగుతుంది, చివరికి వీధిలో నలుగురూ ధక్కా పెడతారు. హీటర్ చేయాల్సిన పనిని సెల్ఫ్‌తో చేయిస్తే బ్యాటరీ దిగిపోతుంది, మోటారు కాయిల్ మాడుతుంది. రిపేరు బిల్లు మాత్రం సెల్ఫ్ పేరు మీదే వస్తుంది.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. తాళం సగం తిప్పి హీటర్ కాయిల్ దీపం ఆరేదాకా ఆగాలి, ఆరగానే క్లచ్ నొక్కి సెల్ఫ్ కొట్టాలి. పది సెకన్లలో లేవకపోతే వదిలేసి, అర నిమిషమైనా మోటారును చల్లారనిచ్చి మళ్లీ హీటర్‌తో మొదలుపెట్టాలి. ఇంజన్ పూర్తిగా ఆగకముందే సెల్ఫ్ కొడితే గేరు పళ్లు అరుగుతాయి. హీటర్ ఉన్న ఇంజన్‌లోకి ఈథర్ స్ప్రే కొట్టడం ప్రమాదం. మంట ముందే అంటుకుని పిస్టన్ విరగవచ్చు.

2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు సరిపడే కొత్త డీజిల్ ఇంజన్లలో ఈ లెక్కలు కంప్యూటర్ చూసుకుంటోంది. పొగ తగ్గించేందుకు ఇంజన్ లేచాక కూడా కాసేపు హీటర్‌ను వెలిగించి ఉంచుతుంది. 2003లో ఆగిపోయిన డబుల్ డెక్కర్లు 2023లో నగరానికి విద్యుత్ బస్సులుగా తిరిగొచ్చాయి. వాటికి హీటరూ లేదు, సెల్ఫూ లేదు. కానీ పాత ఏస్‌లు, సుమోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మనిషి కాస్త ఆగితేనే అవి సజావుగా లేస్తాయి. తొంభై ఏళ్లలో యంత్రం మనిషి కండల కష్టాన్ని తీసేసింది గానీ, వాటిని నడిపేవాడికి ఆ కొద్ది సెకన్ల ఓపిక మాత్రం ఇంకా తప్పలేదు.