నడుములోతు నీటిలో ఒక పాట

యుద్ధమునకు పిలిచే పాటలు ప్రతి జాతికిని ఉన్నవి. వాటికి రాజాదరణ కొదవ లేదు. యుద్ధము వలదనే పాట మాత్రము వీథిలో పుట్టి, వీథిలోనే పెరుగుచున్నది. అట్టి పాట ప్రసారమందిరపు గడప దాటవలసి వచ్చినప్పుడు ఏమి జరిగినదో తెలిపే కథ యొకటి అమెరికా చరిత్రలో ఉన్నది. ప్రసారవృత్తిలో ఉన్న మాకు అది కేవలము పరదేశపు ముచ్చట కాదు.

1967వ సంవత్సరము అమెరికాకు అలజడి సంవత్సరము. ఆ యేడాది చివరకు వియత్నాములోని అమెరికన్ సైనికులు 4,80,000 పైచిలుకు. నిర్బంధ సైన్యసేవకు పిలుపులు ఇంటింటికి వచ్చుచుండినవి. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ న్యూయార్కు నగరములో యుద్ధమును బహిరంగముగా ఖండించినారు. జూలైలో డెట్రాయిట్ నగరము అల్లర్ల మంటలలో చిక్కుకొనగా 43 మంది మరణించినారు.

ఆ దినములలో బాంజో వాద్యము చేతబట్టి పాడుచుండిన జానపద గాయకుడు పీట్ సీగర్. ఆయన రెండవ ప్రపంచయుద్ధములో సైన్యమున పనిచేసినవారే. 1955లో ప్రతినిధిసభ విచారణసంఘము తన రాజకీయ విశ్వాసములను ప్రశ్నింపగా ఆయన జవాబు నిరాకరించినారు. 1961లో శిక్ష పడినది. 1962లో పై న్యాయస్థానము దానిని కొట్టివేసినది. అయినను పెద్ద టెలివిజన్ సంస్థల తలుపులు తెరచుకొనలేదు. 1967 సెప్టెంబరులో స్మదర్స్ సోదరులు సి.బి.యస్. సంస్థలోని తమ హాస్య కార్యక్రమమునకు ఆయనను ఆహ్వానించినారు.

ఆయన పాడినది 'వేస్ట్ డీప్ ఇన్ ది బిగ్ మడ్డీ' అను స్వీయరచన. అందులో వియత్నాము పేరు లేదు. 1942లో లూసియానాలో శిక్షణ పొందుచున్న దళమును నాయకుడు నది దాటుమని ఆజ్ఞాపించును. లోతు తెలిసిన సార్జెంటు వారించినను వినడు. నీరు మోకాళ్లకు, నడుమునకు, మెడకు వచ్చును. తుదకు నాయకుడే మునిగిపోవును. సార్జెంటు తక్కినవారిని వెనుకకు మరలించును.

కథ పాతది, సూచన మాత్రము కొత్తది. అది అధ్యక్షుడు జాన్సన్‌ను ఉద్దేశించినదని ఎల్లరకు తెలియును. చివరి చరణము తీసివేయుడని సంస్థవారు కోరినారు. సీగర్ ఒప్పుకొనలేదు. ప్రసారములో పాట యావత్తు కత్తిరింపబడినది. స్మదర్స్ సోదరులు ఈ సంగతిని పత్రికలకు తెలిపినారు; విమర్శలు చెలరేగినవి. 1968 ఫిబ్రవరి 25న సీగర్ మరల వచ్చి అదే పాటను అదే కార్యక్రమములో పాడినారు. ఈసారి అది దేశమంతట వినవచ్చినది. ఈ నడుమ జనవరి చివర టెట్ దాడులు జరిగి, విజయము చేరువలో ఉన్నదన్న మాట మీద ప్రజలకు నమ్మకము సడలినది.

పాట యుద్ధమును ఆపినదని మేము అనము. అమెరికన్ పోరాట దళములు వియత్నామును వీడునప్పటికి 1973వ సంవత్సరము వచ్చినది. మరణించిన అమెరికన్ సైనికులు 58,000కు పైబడినారు. వియత్నామీయుల మరణములు లక్షలలో ఉన్నవి. స్మదర్స్ సోదరుల కార్యక్రమమును సైతము సంస్థ 1969లో రద్దు చేసినది.

అయితే, ఆ అయిదు నెలలలో పాటలో ఒక్క మాటయు మారలేదు. మారినది వినిపించువారి ధైర్యమే. లోతు తెలిసినవాని హెచ్చరిక నీరు మోకాళ్లకు రాకముందే వినబడవలెను. కత్తెర చేతనున్న మా వంటివారు ఈ కథను మరచిపోరాదు.