దొరను వదిలే దారి

పై అధికారితో పడనివాడికి మన పాత సాహిత్యం ఓర్పే నేర్పిందని చాలామంది నమ్మకం. బద్దెన పేరిట నడిచే సుమతీ శతకం చూస్తే అలా అనిపించదు. అడిగినా జీతం ఇవ్వని దొర దగ్గర కుములుతూ ఉండేకన్నా చురుకైన ఎడ్లను కట్టి సేద్యం చేసుకోమంటుందది. తప్పు కొలువు చేసేవాడిది కాదు, దొరది. కోపం తీర్చుకోమని కాదు, లెక్క చూసుకోమని ఆ సలహా. పోతన భాగవతాన్ని రాజులకు కాక రాముడికి అంకితమిచ్చాడు. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజసేవను నరకంతో పోల్చాడు. అది భక్తి కవుల వైరాగ్యమే కదా అనవచ్చు. కానీ వట్టి వైరాగ్యమైతే సంసారాన్ని తిడితే సరిపోయేది, రాజుల మదాన్ని అంతలా ఏకరువు పెట్టనక్కర్లేదు. కొలువు రుచి తెలిసినవాడి చేదు అది.

అసలు చిక్కు వేరే ఉంది: దున్నుకోవడానికి మడి ఉన్నవాడికే ఈ సలహా. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి చేసేవాడికి మానేసే దారే లేదు. జీతమే లేని పనిలో జీతం అడగడమేమిటి? అక్కడ ఒక్కడు విడిచిపెట్టి వెళ్లలేకపోయిన దొరను ఊళ్లు కలిసి ఎదిరించాయి, ఆంధ్ర మహాసభ సంఘాల నీడన, 1940లలో.