మెట్ట సేద్యంలో ఇండక్షన్ మోటారు: నియంత్రణ చరిత్ర – దుత్తలూరు ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
పరిశ్రమల్లో ఇండక్షన్ మోటారు వేగాన్ని, టార్క్‌ను గణిత నమూనాల సాయంతో నియంత్రిస్తారు. నెల్లూరు పడమటి మెట్టలో అదే మోటారు నడక కరెంటు వేళలు, వోల్టేజి, పౌనఃపున్యం, బోరు లోతులపై ఆధారపడింది. ఈ భేదం ఏర్పడిన క్రమాన్ని, దాని ఫలితాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఇండక్షన్ మోటారు, మెట్ట సేద్యం, దుత్తలూరు, భూగర్భజలం, విద్యుత్తు.

1. ఉపోద్ఘాతం
నెల్లూరు జిల్లా అనగానే పెన్నా డెల్టా వరిపొలాలు స్ఫురిస్తాయి. వెలికొండలకు చేరువలో ఉన్న ఉదయగిరి, దుత్తలూరు, ఆత్మకూరు ప్రాంతాల స్వరూపం వేరు. ఈ మెట్ట సేద్యానికి ప్రధానాధారం వాన, చెరువు, బావి. కపిల తోలిన కాలంలో ఎద్దుల సత్తువే బావినీటి వాడకానికి హద్దు. ఆ హద్దును చెరిపివేసిన యంత్రాల్లో ముఖ్యమైనది ఇండక్షన్ మోటారు.

2. మోటారు ఆవిర్భావం, వ్యాప్తి
1888లో గెలీలియో ఫెర్రారిస్, నికోలా టెస్లా వేర్వేరుగా ఈ మోటారు సూత్రాన్ని ప్రకటించారు. 1889లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారును రూపొందించాడు. తిరిగే భాగానికి బ్రష్షులు అవసరం లేనందున ఇది మొండి యంత్రం. బావి గట్టున ఒంటరిగా వదిలివేసినా పనిచేస్తుంది. అయితే దీని వేగం సరఫరా పౌనఃపున్యానికి కట్టుబడి ఉంటుంది. 50 హెర్ట్జ్ వద్ద రెండు ధ్రువాల మోటారు నిమిషానికి 3000 చుట్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది.

మద్రాసు రాష్ట్రంలో 1932లో ప్రారంభమైన పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు మిల్లులకు, బావులకు చేరింది. అక్కడి తెలుగు కుటుంబాలకు చెందిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు 1937లో తయారుచేసిన మోటారును తొలి భారతీయ మోటారుగా పేర్కొంటారు. అనంతరకాలంలో కోయంబత్తూరు పంపులు తెలుగు రైతులకు చిరపరిచితాలయ్యాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడడంతో పల్లెల విద్యుదీకరణ ఊపందుకుంది.

3. పరిశ్రమలో నియంత్రణ
1929లో రాబర్ట్ పార్క్ సింక్రనస్ యంత్రాల కోసం ప్రతిపాదించిన గణిత పరివర్తన తరువాత ఇండక్షన్ మోటారు నమూనాకూ ఆధారమైంది. 1970ల ఆరంభంలో సీమెన్స్ సంస్థకు చెందిన ఫెలిక్స్ బ్లాష్కె, మోటారు తీసుకునే కరెంటును అయస్కాంత క్షేత్రాన్ని కలిగించే అంశంగా, టార్క్‌ను కలిగించే అంశంగా విడదీసి, రెంటినీ విడివిడిగా నియంత్రించే మార్గం చూపాడు. పౌనఃపున్యాన్ని మార్చే డ్రైవులు ఈ సిద్ధాంతాన్ని ఆచరణలోకి తెచ్చాయి. నీటిని పెద్దగా ఎత్తనవసరం లేనిచోట పంపు వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే విద్యుత్తు అవసరం దాదాపు సగమవుతుంది.

4. మెట్టలో నియంత్రణ
పొలంలోని మోటారుకు అటువంటి డ్రైవు లేదు. స్టార్టరు మాత్రమే ఉంది. టార్క్ వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక, వోల్టేజి 20 శాతం పడిపోతే టార్క్ 64 శాతానికి దిగుతుంది. కోత ముగిసి కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారిగా కదలబోతాయి. ఒక్కొక్కటి మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, వోల్టేజి మరింత కుంగుతుంది, వైండింగు కాలుతుంది. రీవైండింగు ఖర్చుతో పాటు ఆ రోజుల్లో ఎండిన పైరూ రైతు నష్టమే.

1990లలో దక్షిణాది గ్రిడ్ పౌనఃపున్యం తరచు 48 హెర్ట్జ్ సమీపానికి దిగేది. ఆ మేరకు పంపు నీటిని ఎత్తగల సామర్థ్యం దాదాపు 8 శాతం తగ్గుతుంది. లోతు బోర్లలో ఈ తగ్గుదల ప్రభావం మరీ ఎక్కువ.

1980ల ఆరంభంలో మీటరు స్థానంలో హార్స్‌పవరును బట్టి స్థిరరుసుము వచ్చింది. చార్జీల పెంపుపై సాగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు జరిగాయి. 2004 మేలో ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. కొలత, ధర తొలగిన తరువాత సరఫరా సంస్థ చేతిలో మిగిలిన ప్రధాన సాధనం సరఫరా వేళలే. కరెంటు ఏ రాత్రి వచ్చినా దానంతటదే మోటారును నడిపే ఆటో స్టార్టరు రైతు ఇచ్చిన జవాబు. రాత్రివేళ చేనికి పోయే ప్రమాదం దానితో తగ్గింది. అవసరానికి మించి నీరు పారే అవకాశం పెరిగింది.

5. ఇటీవలి మార్పులు
రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అమర్చే హెచ్‌వీడీఎస్ విధానం వోల్టేజి సమస్యను చాలావరకు తగ్గించింది. 2003లో దక్షిణాదిలో అమలైన కొత్త టారిఫ్ విధానం పౌనఃపున్యాన్ని చక్కదిద్దింది. సౌర పంపుసెట్లతో పరిశ్రమలోని డ్రైవు పొలానికి చేరింది. ఎండ తీవ్రతను బట్టి అది మోటారు వేగాన్ని మారుస్తుంది. అయినా ఆ డ్రైవు లెక్కలో భూగర్భజల మట్టం లేదు. బోరు ఎండినప్పుడు మోటారును ఆపగలదే గాని, ఎండకముందే హెచ్చరించలేదు. బావుల తవ్వకాన్ని అనుమతుల పరిధిలోకి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉద్దేశించింది ఈ లోటునే.

6. ముగింపు
పరిశ్రమలో మోటారును నియంత్రించేవారికి దాని భారం ముందే తెలుసు. మెట్టలో ఆ భారం నేల కింద ఏటా మారే నీటిమట్టం. కరెంటును క్రమబద్ధం చేయడం వల్ల మోటారు కాలిపోకుండా నిలిచింది. దుత్తలూరు వంటి ప్రాంతాల్లో బోరు నిలవాలంటే మోటారు నడిచే గంటలను ఆ నీటిమట్టంతో ముడిపెట్టక తప్పదు. ఆ నిర్ణయంలో రైతుకు పాత్ర లేకపోతే ఏ నియంత్రణా చేనిదాకా చేరదని ఆటో స్టార్టరు చరిత్ర నిరూపిస్తున్నది.