నీలి రంగు సాక్ష్యం

బడిలో విజ్ఞానశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక మా గోదావరిఖని కాలనీలో నన్నొక ప్రశ్న తరచుగా అడుగుతుంటారు. అడిగేవారు మానసిక వ్యాధితో బాధపడుతున్న పిల్లల తల్లిదండ్రులు, ఎక్కువమంది గనిలో పనిచేసి దిగిపోయినవారు. "సారూ, పోరనికి తలకాయ స్కానింగు తీపిస్తే ఇది మా రక్తంల ఉన్నదో లేదో ఎరుకైతదా?" ఇది అమాయకపు ప్రశ్నేమీ కాదు. మెదడు చిత్రాన్ని చూసి లోపలి జన్యువుల పనిని పట్టుకోవచ్చునా అన్నది నేటి నాడీశాస్త్రంలోని పెద్ద ప్రశ్నలలో ఒకటి. దాని చరిత్రను తవ్వుకుంటూ పోతే (బొగ్గు ఊరివాణ్ణి, ఆ మాట తప్పదు) ఒక పొరలో తెలుగువాడి పేరు తగిలింది.

ముందుగా ఒక్క మాట. జన్యువు ఉండడం వేరు, పనిచేయడం వేరు. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్న జన్యుసంపద ఒక్కటే. అయితే కాలేయంలో కొన్ని జన్యువులు మేల్కొని ఉంటాయి, మెదడులో మరికొన్ని. మేల్కొన్న జన్యువు నుంచి ఆర్‌.ఎన్‌.ఏ. నకలు తయారవుతుంది, ఆ నకలును బట్టి ప్రోటీను తయారవుతుంది. ఆ నకళ్ళను లెక్కపెట్టడానికి బతికున్న మనిషి మెదడు నుంచి ముక్క కోయలేము గదా. కనపడని దానిని కనపడే గుర్తుతోనే పట్టాలి.

ఇది మా గనివాళ్ళకు కొత్త విద్య కాదు. మా బాపు భూగర్భ గనిలో సర్దారుగా పనిచేశారు. మీథేను వాయువుకు రంగు లేదు, వాసన లేదు. సర్దారు తన దీపం వత్తిని బాగా తగ్గించి పైకప్పు దగ్గరికి మెల్లగా ఎత్తేవాడు. మీథేను ఉంటే మంట మీద లేత నీలి టోపీ ఒకటి నిలిచేది. ఆ టోపీ ఎత్తును బట్టి శాతం చెప్పేవాడు. 1.25 శాతం దాటితే కరెంటు ఆపాలని నిబంధన. సర్దారు కంటికి కనిపించింది మీథేను కాదు, మీథేను మండగా వచ్చిన నీలిమ. నడుమ ఒక మెట్టు ఉన్నది. ఆ మెట్టు మీద నమ్మకం కుదరడానికే ఆయన శిక్షణ పొంది, పరీక్ష రాసి, ధ్రువపత్రం తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక తెలుగువాడి సంగతి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరి, హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో కుదిరారు. అక్కడ మొదట చేసినది చూడడానికి చాలా సాదా పని: రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి. ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేటు కలిపి, దానిని క్షయీకరిస్తే నీలి రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తరతరాల జీవరసాయన విద్యార్థులకు పరిచయం. ఇక్కడా గుర్తు నీలమే కావడం నాకు ముచ్చట గొలిపే విషయం.

అసలు కథ కండరంతో మొదలయింది. పిల్లి కండరం నుంచి తీసిన రసాన్ని పరీక్షిస్తే నీలం రావలసిన వేగంతో రాలేదు. ఆలస్యంగా, ఆగి ఆగి ముదురుతూ పోయింది. మరొకరైతే రసాయనాలు పాడైనాయని పారబోసేవారేమో. వీరిద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెదికారు. సీసాలో ఏదో అస్థిరమైన పదార్థం ఉన్నది, ఆమ్లంలో అది మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్నది. అంతవరకు అందరూ కండరంలోని స్వేచ్ఛా ఫాస్ఫేటుగా లెక్క కట్టినదానిలో పెద్ద భాగం నిజానికి ఈ పదార్థానిదే. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే తరుగుతుంది, విశ్రమిస్తే మళ్ళీ నిండుతుంది. 1927లో ఈ ఫలితం వెలువడింది. అదే ఏడు లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా దీని జాడ పట్టారు. రెండేళ్ళకు, 1929లో, ఏ.టి.పి.ని జర్మనీలో లోమాన్, హార్వర్డులో వీరిద్దరూ వేర్వేరుగా కనుగొన్నారు.

సుబ్బారావు గారు 1940లో హార్వర్డు విడిచి లెడర్లీ సంస్థకు వెళ్ళారు, 1948లో కన్నుమూశారు. పదార్థంలోని పరమాణు కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు బదులు పలుకుతాయని బ్లాక్, పర్సెల్ 1946లో ప్రకటించారు. ఈ పర్సెల్ హార్వర్డువాడే! అయితే ఆ తరంగాలతో సజీవ కండరాన్ని చూడడానికి మరో పాతికేళ్ళకు పైగా పట్టింది. 1974లో ఆక్స్‌ఫర్డులో ఎలుక కాలి కండరాన్ని అయస్కాంతంలో పెట్టగా భాస్వరపు సంకేతాలు శిఖరాలుగా లేచాయి. అందులో ఒకటి ఫాస్ఫోక్రియాటిన్‌ది. ఆమ్లం లేదు, నీలి రంగు లేదు, కోసి పిండడం లేదు. 1980 నాటికి ఇదే పద్ధతిలో బతికున్న ఎలుక మెదడును చూశారు. 1983లో లండన్ వైద్యులు ప్రాణవాయువు చాలక పుట్టిన పసికందుల మెదళ్ళను పరీక్షించి, స్వేచ్ఛా ఫాస్ఫేటుతో పోల్చితే ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిందని గమనించారు.

జన్యువు ఇక్కడే రంగప్రవేశం చేస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్‌ను తయారుచేసే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. కండరంలో, మెదడులో అది పుష్కలం, కాలేయంలో మాత్రం దాదాపు లేదు. 1990లో పిట్స్‌బర్గ్‌లో (అదీ బొగ్గు ఊరే) ఆలన్ కోరెట్‌స్కీ బృందం ఈ ఎంజైము జన్యువు కాలేయంలో పనిచేసేటట్లు ఎలుకలను సృష్టించి, వాటికి క్రియాటిన్ మేపింది. మామూలు ఎలుక కాలేయంలో కనిపించని ఫాస్ఫోక్రియాటిన్ శిఖరం ఈ ఎలుకల కాలేయంలో లేచి నిలిచింది. జన్యువు పనిచేస్తున్నదని బయటి అయస్కాంతం చెప్పింది! సుబ్బారావు గారి పదార్థమే ఇక్కడ సర్దారు దీపం మీది నీలి టోపీ అయింది.

మరి మెదడులో ఇదే చేయరాదా? చేయలేము. అక్కడ ఆ ఎంజైము ముందునుంచే ఉన్నది. పట్టపగలు దీపం వెలిగించి వెలుగు పెరిగిందా అని చూసినట్లుంటుంది. కనుక మెదడుకు వేరే దారులు వెదికారు. 2001లో జర్మనీలో మెదడు కణితి ఉన్న ఐదుగురు రోగులకు ఒక వైరస్ జన్యువును ఎక్కించి, అది పనిచేస్తున్నదా అని పెట్ స్కానుతో చూశారు. ఒక్కరిలోనే స్పష్టమైన జాడ కనిపించింది. పైగా అది బయటి నుంచి పెట్టిన జన్యువు. మా కాలనీవాళ్ళు అడిగేది పుట్టుకతో వచ్చినవాటి గురించి.

ఇటీవల ఎక్కువమంది పట్టిన దారి మరొకటి. సియాటిల్‌లోని అలెన్ సంస్థ చనిపోయినవారి మెదళ్ళను చిన్న చిన్న నమూనాలుగా విభజించి, ఒక్కొక్కదానిలో సుమారు 20,000 జన్యువుల నకళ్ళను కొలిచి పటం గీసింది. 2012లో నేచర్ పత్రికలో దాని వివరం వచ్చింది. బతికున్నవారి ఎమ్మారై చిత్రాలను ఈ పటం పక్కన పెట్టి, ఇక్కడ పొర పలుచబడింది కనుక ఇక్కడ మెండుగా పనిచేసే ఈ జన్యువులకు సంబంధం ఉండవచ్చునని వందలాది పరిశోధకులు రాస్తున్నారు. పటంలోని మెదళ్ళు మొత్తం ఆరు. ఐదుగురు పురుషులు, ఒక స్త్రీ, అందరూ 24 నుంచి 57 ఏళ్ళ లోపువారు, భారతీయులెవరూ లేరు. స్కాను తీసిన మనిషి జన్యువులను ఎవరూ చూడలేదు, మరొకరి పటాన్ని అతని మీద పరిచారు. ఇది పనికిమాలిన విద్య అని నేననను. దారి చూపడానికి పనికి వస్తుంది, కానీ సర్దారు తన గనిలో గాలిని పరీక్షించడానికి పక్క గనిలో దీపం ఎత్తినట్లుంటుంది నాకు.

మనిషి సొంత మెదడునే చూసే ప్రయత్నం మార్టినోస్టాట్. డి.ఎన్‌.ఏ. పోగు బిగువుగా చుట్టుకుంటే అక్కడి జన్యువులు మూగవోతాయి. ఆ బిగువును శాసించే హెచ్‌డాక్ ఎంజైములకు అతుక్కునే రేడియోధార్మిక పదార్థమిది. బోస్టన్ ప్రాంతంలోనే, 2016లో, ఎనిమిదిమంది ఆరోగ్యవంతుల మెదళ్ళలో మొదటిసారి చూశారు. 2019లో స్కిజోఫ్రెనియా రోగులలో మెదడు ముందు భాగంలో ఈ ఎంజైములు సగటున తక్కువగా ఉన్నట్లు తేలింది. సగటున అన్నారు సుమా. రెండు గుంపులను పోల్చితే వచ్చిన తేడా అది, ఒక్క పిల్లవాణ్ణి చూసి అవునో కాదో చెప్పేది కాదు. అది వారసత్వమా, రోగం వల్ల వచ్చినదా, వాడిన మందుల వల్లనా అన్నది ఆ చిత్రం ఒక్కటే తేల్చదు. అడిగినవారికి నేనీ మాటే చెపుతున్నాను. వారు స్కానింగుకు అప్పు చేయబోతే వద్దంటున్నాను.

ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. మార్టినోస్టాట్‌లో వెలిగేది కార్బన్-11. మా నేల కింది బొగ్గుకు సోదరుడే, కానీ 20 నిమిషాలకొకసారి సగమైపోతుంది. హైదరాబాదులో తయారుచేసి కారులో మా ఊరికి పంపారనుకుందాం. నాలుగు గంటల ప్రయాణం. పన్నెండుసార్లు సగమై, గోదావరిఖని చౌరస్తాలో దిగేసరికి సుమారు నాలుగు వేలలో ఒక వంతు మిగులుతుంది.