ప్రమాణం చేయని పోలీసులు

కొన్నేళ్ళ క్రితం ఇంగ్లండులో నా సంచీ పోయి ఒక పోలీసు స్టేషనుకు వెళ్ళాను. కౌంటరు వెనుక కూర్చున్నావిడ ఓపికగా వివరాలు వ్రాసుకున్నారు. మాటల మధ్య తాను పోలీసును కాననీ, పోలీసు శాఖలో ఉద్యోగినిననీ అన్నారు. ఆ తేడా నాకప్పుడు బోధపడలేదు. పిమ్మట చదువుతూ పోగా అది చాలా పాత తేడా అని తెలిసింది.

1829లో రాబర్ట్ పీల్ చొరవతో లండను మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడినప్పుడే, భటులను నడపడానికి ఇద్దరు కమిషనర్లనూ, డబ్బు, భవనాల వ్యవహారం చూడడానికి రిసీవరు అనే మరో అధికారినీ నియమించారు. మొదటి రిసీవరు జాన్ రే, న్యాయవాది. లాఠీ ఒకరిది, లెక్కల పుస్తకం మరొకరిది అన్నమాట. 1930లో ఫిషర్ కేసులో న్యాయస్థానం, కానిస్టేబులు పురపాలక సంఘానికి నౌకరు కాడని తేల్చింది. అతడు ప్రమాణం చేసిన పదవీధారి. అతని తప్పులకు ప్రత్యేక నిబంధనలు. గుమాస్తా మాత్రం ఒప్పందం మీద పనిచేసే ఉద్యోగి. తప్పు చేస్తే యజమాని విచారిస్తాడు. 1919 చట్టంతో భటుడు పోగొట్టుకున్న కార్మిక సంఘ హక్కు గుమాస్తాకు మిగిలింది.

1977లో ఫిర్యాదుల బోర్డు, 1985లో దాని స్థానే ఫిర్యాదుల అథారిటీ వచ్చాయి. రెండూ చూసింది భటుల తప్పులనే. కాగితాలు వ్రాసేవాడి మీద ఫిర్యాదులేముంటాయి అనుకున్నారు కాబోలు!

2002 నాటి పోలీసు సంస్కరణ చట్టంతో ఆ లెక్క తప్పింది. లాకప్పులోని మనిషిని సోదా చేయడం, వేలిముద్రలు తీసుకోవడం, అవసరమైతే తగుమాత్రపు బలం ప్రయోగించడం ఇక పౌర ఉద్యోగికీ అప్పగించవచ్చు. మరి దెబ్బ తిన్నవాడికి, కొట్టినవాడు ప్రమాణం చేశాడా లేదా అన్నదానితో ఏం పని? కనుకనే అదే చట్టం స్వతంత్ర ఫిర్యాదుల కమిషనును ఏర్పరచి, 2004 ఏప్రిల్ 1 నుంచి పౌర సిబ్బందిని కూడా దాని పరిధిలోకి తెచ్చింది. పీల్ నాటి నుంచి 175 ఏళ్ళు!

పర్యవేక్షణ కలిసింది గాని శిక్షావిధానం కలవలేదు. ఒకే గదిలో ఒకే దౌర్జన్యం చేసిన ఇద్దరిలో భటుని విచారణ ప్రవర్తనా నిబంధనల ప్రకారం, ఉద్యోగి విచారణ ఉద్యోగ నిబంధనల ప్రకారం జరుగుతుంది. 2017 డిసెంబరు నుంచి ఒకటి మాత్రం ఉమ్మడి: డిస్మిస్ అయినవారు ఎవరైనా సరే నిషేధ జాబితాకు ఎక్కుతారు, మరో పోలీసు దళంలో చేరలేరు.

మన దేశంలో 2006 సెప్టెంబరులో, ప్రకాశ్ సింగ్ కేసులో, సుప్రీంకోర్టు ఫిర్యాదుల సంస్థలు పెట్టమన్నప్పుడు పేర్కొన్నది పోలీసు అధికారులనే. పోలీసు కార్యాలయంలో ఫైళ్ళు నడిపే గుమాస్తా ఆ మాటలో ఇమడడు. పాసుపోర్టు విచారణ కాగితం ఏ బల్ల మీద ఆగిందో తెలియక తిరిగినవారికి ఆయన బలమెంతో తెలుసు. నేనూ తిరిగాను.